తీపి నీళ్లు

పొద్దున్నే, బాంగు వినపడే యాళకు
బండి చల్లగా ఉంటాది.
అదొక్కటే అదును.
బానెట్ లేపి, ఫోను లైటు వేసి
తెల్ల డబ్బా పక్కకు వంగి చూస్తా.
రెండు గీతలు.
కింది గీతకు పైన, పై గీతకు కింద
పచ్చనీళ్లు నిలబడి ఉండల్ల.

నీటిమట్టం చూసేది నాకు కొత్త గాదు.
రాయచోటిలో బోరు లారీ మింద ఆరేండ్లు చేసినోణ్ని.
నలభై రాడ్లు దించినా దుమ్ము తప్ప రాని చేన్లల్లో
రైతు మొకం చూడలేక
దించిన రాడ్లే మళ్లీ లెక్కపెట్టినోణ్ని.
ఈ జహ్రాలో, బాబా వాళ్ల జీఎంసీలో
డబ్బా నీళ్లు జానెడు లోతు గూడా లేవు.
ఏడుగురు మనుషుల్ని, రెండు ఐసుపెట్టెల్ని
సముద్రం దాకా మోసేదానికి అవి చాలు.
అవి తక్కువైతే
ఆరో రింగు రోడ్డు మింద
ఇంజను ఉత్త పెనం.

మొదటేడు నాకు తెలీదు.
సూది ఎర్రగీత దాటినాక ఆపి
గుడ్డ గూడా వెయ్యకుండా మూత తిప్పినా.
ఆవిరి అరిచింది. నేను తర్వాత అరిచినా.
మోచేతి పైన మాడిన తోలును చూసి
మ్యాపు మాదిరి ఉంది, ఏ దేశం?
అని అడిగింది చిన్నపాప నూరా.
ఈ దేశమే అంటి.

మొన్న జూలైలో మొదలైంది.
ఆదివారం పోస్తే బేస్తవారానికి
కింది గీత కిందికి దిగుతాంది.
వేలెడు. ఖచ్చితంగా వేలెడు.
బండి కింద పండుకొని చూసినా,
టైల్స్ మింద చుక్క లేదు.
పైపులు తడిమినా.
తెల్లపొగ వస్తాందేమో అని
వెనక నిలబడి వాసన పట్టినా.
ఆయిలు పుల్ల తీసి చూసినా,
మజ్జిగ కాలేదు, నల్లగానే ఉంది.
షువైఖ్‌లో పఠాన్ మేస్త్రీ గుల్‌జర్ నవ్వినాడు:
జేబులో పైసలు, డబ్బాలో నీళ్లు
వాటంతట అవే పోతాయి భాయ్.
ఇంట్లో మామా అనింది:
రెడ్డెప్పా, నువ్వేమన్నా తాగుతాండావా?
అది ఎగతాళే.
అయినా కూలెంటు బిల్లులు మడిచి
పర్సులో దాచిపెట్టడం నేను చూసినా.

బోరు లారీ ఓబులేసు చెప్పేవాడు:
నీళ్లు పోవురా,
ఎవరో ఒకరు తాగింటారు.

ఆగస్టులో ఒక పొద్దు
బానెట్ లేపక ముందే కనపడింది.
ముందు చక్రం పక్కన పిల్లి.
ఒక చెవి సగమే ఉండే గోధుమరంగుది.
నా గది గడప దగ్గర పండుకొనేది.
నిన్న సాయంత్రం తూలతా నడిచింటే
ఎండదెబ్బ అనుకుంటి.
మూతి ఎంట్రుకల మింద
ఇంకా ఆరని పచ్చదనం.

వంగినా.
దాని తలకు సరిగ్గా పైన, నీళ్ల పంపు కింద
సన్న బెజ్జం.
చుక్క ఊరింది, నిలబడింది, రాలింది.
బండి చల్లారే రాత్రుల్లో మాత్రమే
ఒక్కో చుక్క.
టైల్స్ ఎందుకంత శుభ్రంగా ఉన్నాయో
అప్పుడు తెలిసింది.
జూలైలో కనపడకుండా పోయిన నల్లది, బొల్లిది
అప్పుడు గుర్తుకొచ్చినాయి.

గుల్‌జర్ పంపు మార్చినాడు.
పాతది నా చేతిలో పెట్టి
కూలెంటు తియ్యగా ఉంటాది భాయ్, విషం, అన్నాడు.
ఈసారి నవ్వలేదు.
తాగే నీళ్ల ట్యాంకరొకటి
గ్యారేజీ ముందర నుంచి పోయింది.
ఇక్కడ ఆ నీళ్లను మాయ్ హెలూ అంటారు.
తీపి నీళ్లు అని.

గోడ వెనక ఇసుకలో పూడ్చినా.
పిల్లి ఏదీ అని అడిగింది నూరా.
ఊరికి పోయింది అంటి.
ఏ ఊరు?
నేను టైరు గాలి చూస్తున్నట్టు
కూచుండిపోతి.

ఇప్పుడు చక్రం పక్కన
నా స్టీలు గిన్నె, నిండా మంచినీళ్లు.
పొద్దున్నే రెండు మట్టాలు చూస్తా.
డబ్బా గీత కదల్లేదు.
గిన్నెలో వేలెడు తగ్గింది.
ఎండ తాగిందో
ఇంకెవరన్నా తాగినారో.